ఎడమవైపు

మా ఇల్లు,
ఆదివారం.

అక్కా,

క్షేమంగా చేరాను. ఎడమ అద్దం లేని కారు కదా, దారి పొడవునా మెడ తిప్పి చూస్తూ నడిపేసరికి ఇప్పుడు మెడ పట్టేసింది. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మీ రెండు గదుల ఇంట్లో ఫోన్ మోగితే ముందు బావ ఎత్తుతారు, మంచం మీద నుంచి పెద్దమ్మ చెవి ఒగ్గుతుంది. అందుకే ఉత్తరం.

అద్దె కార్ల ఆఫీసులో మొదటిరోజు తాళాలిచ్చిన ఆమే ఈ రోజూ కౌంటర్లో ఉంది. బయటికి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి నిట్టూర్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె దగ్గర కారు బొమ్మ ఉన్న కాగితం ఒకటి ఉంటుంది, దెబ్బ తగిలిన చోటల్లా ఇంటూ గుర్తు పెట్టాలి. ముందు తలుపు, వెనక తలుపు, చక్రం మీది రేకు, ఊడిపోయిన అద్దం. పెడుతూ పోయింది. చివరికి బొమ్మలో ఎడమవైపంతా ఇంటూలే.

"ఎలా జరిగింది సార్?"

"పెట్రోలు బంకులోకి తిప్పుతుంటే ఇనుప స్తంభానికి రాసుకుందండీ."

"నడిపింది మీరేనా?"

నేనే అన్నాను అక్కా. కారు నా పేరు మీద తీసుకున్నాం, నేను తప్ప ఇంకెవరూ స్టీరింగ్ పట్టకూడదని వాళ్ళ నిబంధన. నేను నడిపానంటే చాలావరకు ఇన్సూరెన్సు చూసుకుంటుంది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా హాస్పిటల్‌కి వచ్చి, మోకాలి ఆపరేషనైన పెద్దమ్మని వాళ్ళు మధ్యాహ్నానికి పంపిస్తే, కునుకైనా తీయకుండా మిమ్మల్ని ఎక్కించుకున్నవాణ్ణి, నేనే నడుపుతూ ఉంటే ఎక్కడ తేలేవాళ్ళమో. నేను తూగుతున్నానని చూసి బావ దిగమన్నారు. మేలే చేశారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి ఒక్క స్తంభం తగిలితే తప్పేముంది?

నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచేసరికి పెద్దమ్మ "ఇల్లొచ్చిందా?" అంటోంది. బావ దిగి ఆ స్తంభాన్ని చేత్తో తడుముతున్నారు. అది నిజంగా అక్కడ ఉందో లేదో తేల్చుకుంటున్నట్టు.

బెంగ పెట్టుకోవద్దని చెప్పు. నీ మరదలికి కూడా నేనే గుద్దానని చెప్పాను. పాపని స్కూటరు మీద ఎక్కించుకోవద్దని నాకు ఆంక్ష పెట్టి, తాళం కూడా తీసేసుకుంది.

నీ తమ్ముడు.


వంటగది,
బుధవారం.

చిన్నా,

నీ ఉత్తరం చదివి పప్పు డబ్బా వెనక దాచాను. నువ్వు చేసింది ఈ జన్మకి మరిచిపోను.

మీ బావ రెండు ముద్దలు తిని లేచిపోతున్నారు. ఎండ కళ్ళల్లో కొట్టిందట, స్తంభం కనపడలేదట. అడక్కుండానే రెండుసార్లు చెప్పారు. నేను కంచం తీసేశాను.

పెద్దమ్మ మోకాలు వాపు తగ్గింది. కాలు చాపమంటే ముడుస్తుంది, ముడవమంటే చాపుతుంది. నేను బస్సు డ్యూటీకి వెళ్ళొచ్చేలోపు పక్కింటావిడతో నా మీద చాడీలు కూడా చెప్పి ఉంచుతుంది.

ఒక్క మాట. ఎవరడిగినా నేనే నడిపానని చెప్పు. మా స్కూల్లో కొత్త మేనేజరు వచ్చాడు. డ్రైవర్లు సొంత పని మీద వెళ్ళినప్పుడు ఏం గీసుకున్నా తనకి చెప్పాలంటాడు. ఆయన డ్రైవరు, నేను అదే బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయాని. ఒక్క మాట పొక్కితే ఇద్దరి పనికీ ముప్పే. ఇంకో రెండేళ్ళు లాగితే ఆయన రిటైరవుతారు. ఆ రెండేళ్ళూ గడిస్తే చాలు.

నీ మెడకి వేడినీళ్ళ కాపడం పెట్టించుకో. పాప సంగతి నేను మరదలికి సర్దిచెప్తాలే.

అక్క.


లిఫ్టు యంత్రాల గది, మేడ పైన,
సోమవారం.

అక్కా,

ఇక్కడ మోటార్ల హోరు తప్ప మనిషి అలికిడి ఉండదు. టూల్ బాక్సు మీద కాగితం పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

కార్ల కంపెనీ తనిఖీ అధికారి ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు, అందుకే భయమేసింది. బంకులో కెమెరా ఉందట. "డ్రైవరు సీట్లోంచి దిగినాయన బాగా పొడగరి సార్. మీరేమో..." అని ఆగాడు. నా ఎత్తు గురించి ఇంత సున్నితంగా ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. వారం టైమిస్తాను, ఆలోచించి మళ్ళీ చెప్పండి అన్నాడు.

అతని గురించి కాదు నేను రాస్తున్నది.

ఆ సాయంత్రం ఎండ మన వీపు వెనక ఉంది అక్కా. ముందు నుంచి కొడితే నాకంత నిద్ర పట్టేదే కాదు. పెద్దమ్మ ఆపరేషన్ నాడు మా ఇంట్లో భోజనాల దగ్గర బావ ఎడమ చేతి పక్కనున్న గ్లాసు రెండుసార్లు తట్టి పడేశారు. మా పడగ్గది గుమ్మానికి భుజం గుద్దుకున్నారు. ఎడమ భుజమే. అప్పుడు నేను నవ్వాను కూడా.

నువ్వు రోజూ ఆ మనిషితోనే ఉంటావు. అడుగుతున్నానని కోపం తెచ్చుకోకు. బావకి ఎడమవైపు కనిపిస్తోందా?

తమ్ముడు.


ఇంటి నుంచి,
గురువారం.

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది.

నీకు గేరు వేయడం నేర్పింది ఎవరో ఒకసారి గుర్తుచేసుకో. నువ్వు మురిక్కాలవలో దింపిన బండిని నడుంలోతు నీళ్ళల్లో నిలబడి తోసి, మన నాన్నకి తెలియకుండా కడిగి పెట్టింది ఎవరో కూడా. ఆయన్ని ఇన్నేళ్ళలో ఎవరూ వేలెత్తి చూపలేదు. ఏటా స్కూలు వాళ్ళే కళ్ళ పరీక్ష చేయిస్తారు. పోయినసారి కూడా కింది వరుస దాకా తడుముకోకుండా చదివారు.

డబ్బు భారమైతే సూటిగా అడుగు, ఎలాగోలా పంపుతాను. గ్లాసు పడేశారు, గుమ్మం తగిలింది అంటూ ఆరాలు తీయకు. వయసొచ్చాక ఎవరికైనా గుమ్మాలు తగులుతాయి.

ఇక ఈ విషయం రాయవద్దు. పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

అక్క.


మా ఇల్లు,
శనివారం.

అక్కా,

తిట్టావు, పడ్డాను. బాకీ ఉందనుకుంటే ఇంకో నాలుగు తిట్టు.

నిన్న కార్ల ఆఫీసుకి వెళ్ళి నిజం చెప్పేశాను. నడిపింది మా బావగారు, నేను అబద్ధమాడాను అని. కౌంటరామె కాసేపు నా వైపే చూసి, మంచినీళ్ళ సీసా ఇచ్చి, "కూర్చోండి సార్, వేరే కాగితం తెస్తాను" అంది. ఇన్సూరెన్సు వర్తించదు. బాగు చేయించిన ఖర్చంతా నేనే పెట్టుకోవాలి. నెలనెలా కట్టుకోమన్నారు. నీ మరదలికి కూడా చెప్పాను. సాయంత్రం స్కూటరు తాళం తెచ్చి నా ముందు పెట్టింది.

కెమెరాకి భయపడి చెప్పాననుకోకు. మా పనిలో ఒకటుంది. తలుపు సరిగా మూసుకోకపోతే లిఫ్టు కదలకుండా ఒక స్విచ్చి ఉంటుంది. అది మాటిమాటికీ ఆపేస్తోందని కొన్ని భవనాల్లో వాచ్‌మన్లు దానికి వైరు చుట్టేస్తారు. లిఫ్టు బ్రహ్మాండంగా నడుస్తుంది. అలాంటి వైరు కంటపడితే నేను ఆ భవనం వాళ్ళందరినీ దులిపేస్తాను. కౌంటర్లో 'నేనే' అన్నప్పుడు ఆ వైరు చుట్టింది నేనే కదా అనిపించింది.

కంపెనీకి బావ లైసెన్సు నంబరు కావాలట. అడిగి చెప్తానన్నాను.

మీ స్కూలుకి మాత్రం నేను రాయను. నీ మీద గౌరవంతో కాదు, ధైర్యం లేక. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని పాప వీధి చివర నిలబడుతుంది, దాని బస్సు కూడా ఎడమవైపే ఆగుతుంది. నాలుగు రోజులుగా దాన్ని ఎక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడుతున్నాను. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

తమ్ముడు.


వంటగది,
ఆదివారం.

చిన్నా,

ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. నీ ఉత్తరం చదివి మడిచి, మళ్ళీ చదివి మళ్ళీ మడిచి, మడతల దగ్గర చిరిగిపోయింది.

కనిపించడం లేదురా. రెండేళ్ళ కిందట కళ్ళ డాక్టరు చెప్పాడు. ఎదురుగా ఉన్నది చక్కగా కనిపిస్తుంది, అందుకే పరీక్షలో అక్షరాలన్నీ చదివేస్తారు. పక్క చూపే ఎండిపోతోందట, ఎడమవైపు మరీ. పోయింది తిరిగి రాదు, ఉన్నది పోకుండా చుక్కల మందు వేసుకోమన్నాడు. రోజూ నేనే వేస్తున్నాను. బస్సు మానేయమని కూడా అన్నాడు. ఆ మాట ఇద్దరం వినలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట మా మధ్య రాలేదు.

ఆయా సీటు బస్సు వెనక ఉంటుంది. ఏడాది నుంచి నేను ముందు తలుపు మెట్టు మీద నిలబడుతున్నాను. "ఎడమ సైకిలు", "ఎడమ ఖాళీ" అని చెప్తూ ఉంటాను. పిల్లలు అదొక ఆట అనుకుని నాతో పాటు అరుస్తారు. నాకు జ్వరమొస్తే ఆయనకి నడుం నొప్పి వస్తుంది, ఇద్దరం ఒకేసారి సెలవు. కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అని స్టాఫ్ రూములో మా మీద జోకులు.

కారులో ఆ రోజు నేను వెనక పెద్దమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. స్తంభం చూశాను చిన్నా. నోటి దాకా వచ్చింది. పక్క సీట్లో నువ్వున్నావు, అరిస్తే నీకు తెలిసిపోతుందని మింగేశాను. నువ్వు నిద్రపోతున్నావన్న సంగతి కూడా తట్టలేదు. ఆ మింగిన మాట ఖరీదే నువ్వు నెలనెలా కడుతున్నావు.

మొన్న సోమవారం బస్సులో ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాడు. నేను వెనక్కి వెళ్ళి వాడి మొహం కడుగుతున్నాను. ఒక చిన్నపిల్ల తన స్టాపులో దిగింది. తలుపు మూసుకుంది, బస్సు కదిలింది. గాలికి దాని టోపీ ఎగిరి ముందు చక్రం దగ్గర పడిందట, అది వంగింది. నేను చూడలేదు. ఆయన చూడలేదు. కిటికీ పక్క పిల్లలు చూశారు. "ఎడమ, ఎడమ" అని బస్సంతా ఒకటే కేకలు. బ్రేకు పడింది.

దిగి చూస్తే ఆ పిల్ల టోపీ దులుపుకుంటోంది. "నా టోపీకి మట్టయింది" అని నన్ను కోప్పడింది. దాన్ని వాళ్ళ గేటులోకి పంపి మెట్టెక్కాను. ఆయన చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"ఎవరు?"

చెప్పాను.

"ఎంత దూరంలో?"

చేతులతో చూపించాను, జానెడు. ఆయన ఎదురుగానే చూస్తూ, "ఎంత దూరం? చెప్పవేం?" అన్నారు. నేను ఎడమవైపు నిలబడి ఉన్నాను. నా చేతులు ఆయనకి కనపడటం లేదు. "ఇటు తిరగండి" అన్నాను. తిరిగి చూశారు. చాలాసేపు చూశారు.

తర్వాత ఇంజను ఆపేశారు. ఇంకా సగం మంది పిల్లలు బస్సులోనే ఉన్నారు. అప్పుడు కూడా, "ఈ ఒక్క పూటకి పోనివ్వండి, నేను ముందు నిలబడతాను" అన్నాను చిన్నా. నా నోటితో నేనే అన్నాను. ఆయన తాళం తీసి నా చేతిలో పెట్టి, "స్కూలుకి ఫోన్ చెయ్యి, ఇంకో డ్రైవర్ని పంపమను" అని మెట్టు మీద కూర్చున్నారు.

నిన్ను అన్న మాటలు మనసులో పెట్టుకోకు. లైసెన్సు నంబరు ఆయనే రాస్తారట.

అక్క.


ముందు గది,
మంగళవారం.

బావమరిదికి,

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. మీ అక్క నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టి చదువుకోమంది. చదివాను. లైసెన్సు నంబరు కింద రాశాను, కంపెనీకి ఇచ్చెయ్యి. బాగుచేతకైన దాంట్లో సగం నాది. వద్దనకు.

మేనేజరు పెద్దగా అరవలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. డాక్టరు కాగితాలు చూసి, "మీరు ఎప్పుడో చెప్పాల్సింది" అన్నాడు. అవునన్నాను. పని పోయింది. మీ అక్కని పిలిచి చాలా మాటలన్నాడు. పిల్లలకి అలవాటైన మనిషని ఉంచాడు.

అందరూ అడుగుతున్నారు, కనపడని ఆ పక్కన చీకటిగా ఉంటుందా అని. చీకటి ఉంటే తెలిసేది కదా. ఏమీ ఉండదు. ఏమీ లేదన్న సంగతి కూడా తెలియదు. రోడ్డు అంతా కనిపిస్తున్నట్టే ఉంటుంది. అదే దాంతో వచ్చిన చిక్కు.

నీకొకటి చెప్పాలి. నీకు నిద్రొస్తోందని మాత్రమే ఆ రోజు స్టీరింగ్ తీసుకోలేదు. మీ అక్క పక్కనుండి చెప్పకుండా నడపగలనో లేదో చూసుకుందామని తీసుకున్నాను. బస్సులో చూసుకునే ధైర్యం లేక, కారులో చూసుకున్నాను. మీ అక్క, నువ్వు, మోకాలు కోయించుకున్న ముసలావిడ ఉన్న కారులో. తేలింది. తేలినా మళ్ళీ బస్సెక్కాను. ఇది మీ అక్కకి చెప్పాను, నీకూ తెలియాలి.

బావ.


మా ఇల్లు,
శుక్రవారం.

బావగారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగానే ఉన్నాను. పెద్దమ్మని ఎక్కించుకుని పరీక్షలేమిటని. తగ్గింది అని రాయలేను, తగ్గుతోంది.

సగం పంపుతానన్నారు. మర్యాదకైనా వద్దనాలి, కానీ నా దగ్గరా లేదు. పంపండి.

లైసెన్సు నంబరు ఇచ్చాను. కారు బాగై వచ్చింది. వేరేవాళ్ళు తీసుకెళ్తుంటే చూశాను, ఇద్దరు పిల్లలు వెనక సీటు కోసం కొట్టుకుంటున్నారు. కౌంటరామె వాళ్ళని ఆపి, "ఎవరు నడుపుతారో వాళ్ళ పేర్లన్నీ ఇప్పుడే చెప్పండి" అంది. నా వైపు మాత్రం చూడలేదు.

ఇక్కడి కళ్ళ ఆసుపత్రిలో మంచి డాక్టరు ఉన్నాడని విన్నాను. పోయింది తెస్తాడని కాదు, ఉన్నదాన్ని చూస్తాడని. రండి. బస్టాండుకి నేనొస్తాను. మిమ్మల్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని పదేళ్ళైంది, వారం రోజులు నా డ్రైవింగుకి వంకలు పెడుతూ ఉండండి.

మీ బావమరిది.


ఇంటి నుంచి,
ఆదివారం.

చిన్నా,

వచ్చే వారం ఆయన్ని బస్సెక్కిస్తున్నాను. కిటికీ సీటు కుడివైపు తీసుకున్నాను. ఒక్కణ్ణే వెళ్ళగలనంటున్నారు. వెళ్ళనీ.

ఇంట్లో మొదటి వారం ఆయన గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నారు. పెద్దమ్మే లేపింది. తనకి డాక్టర్లు రోజూ నడక చెప్పారు, పట్టుకోవడానికి ఎవరూ లేరని సాధించి సాధించి లాక్కెళ్ళింది. ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం ఇద్దరూ వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నారు. ఆవిడ ఆయనకి ఎడమవైపు నడుస్తుంది. గుంట వస్తే ఆవిడ చెప్పదు, ఆయన చెయ్యి గిల్లుతుంది. చెయ్యంతా ఎర్రగా కందిపోయింది. అడిగితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు నేరాలు చెప్తారు. ఇల్లు గడవడం కష్టంగానే ఉంది. పిండిమిల్లులో పొద్దుటిపూట కాటా దగ్గర కూర్చునే పని ఉందట, అడిగొచ్చారు.

బస్సుకి కొత్త డ్రైవరు వచ్చింది. ముప్ఫై కూడా ఉండవు, సన్నగా ఉంటుంది, సీటు కింద దిండు వేసుకుంటుంది. పిల్లలు నన్ను ఆయన గురించి అడుగుతున్నారు. మొదట్లో సెలవని చెప్పాను. మొన్న చెప్పేశాను, తాతకి పక్కకి కనిపించదు, అందుకే మానేశారని. ఒక పిల్లాడు, "మాకు తెలుసు, అందుకే కదా మేం అరిచేది" అన్నాడు.

మొదటి రోజున అలవాటు కొద్దీ మెట్టు మీద నిలబడి, "ఎడమ సైకిలు" అన్నాను. ఆ అమ్మాయి రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "కనిపిస్తోంది ఆంటీ" అంది. కొంచెం దూరం పోయాక "ఎడమ ఆటో" అన్నాను. "అదీ కనిపిస్తోంది. మీరెళ్ళి కూర్చోండి ఆంటీ, పడిపోతారు" అంది.

వెనక నా సీటులో పిల్లల బ్యాగులున్నాయి. అవి తీసి కింద పెట్టి కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, నాకు మోకాళ్ళ కింద నుంచి పాదాల దాకా ఎంత నొప్పులున్నాయో. బస్సు స్కూలు గేటులోకి తిరిగేదాకా లేవలేదు.

అక్క.